ఫైళ్లు వెతికే కమాండ్‌లైన్ టూల్‌కి టైమ్ ఆప్షన్లు జోడించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఫైలు పేరు మర్చిపోతాం, ఏ ఫోల్డర్లో పెట్టామో కూడా గుర్తుండదు, కానీ దాన్ని ఎప్పుడు ముట్టుకున్నామో మాత్రం చాలాసార్లు గుర్తుంటుంది. పొద్దున మార్చిన కాన్ఫిగ్ ఏది, గత గంటలో ఏ లాగ్ ఫైళ్లు పెరిగాయి, ఆరు నెలలుగా ఎవరూ కదపని బ్యాకప్‌లు ఏవి, ఇలాంటి ప్రశ్నలకి పేరుతో వెతికే టూల్ ఎంత వేగంగా ఉన్నా సాయం చేయదు. అందుకే మీరు సొంతంగా ఒక ఫైల్ ఫైండర్ రాస్తున్నా, ఉన్న ఓపెన్‌సోర్స్ టూల్‌కి ఫీచర్ జోడిస్తున్నా, పేరు, టైపు, సైజు అయిపోయాక వచ్చే మొదటి కోరిక టైమ్ ఫిల్టరే.

చూడ్డానికి ఇది చిన్న పని. ఫైలు టైమ్‌స్టాంప్ తీసుకో, యూజర్ ఇచ్చిన టైమ్‌తో పోల్చు, అంతే కదా అనిపిస్తుంది. పోలిక నిజంగానే రెండు లైన్లు. మిగతా పనంతా యూజర్ రాసిన మాటకి అర్థం ఒక్కటే వచ్చేలా చేయడంలో ఉంది. ఈ గైడ్ అంతా ఒకే నియమం మీద నడుస్తుంది, ముందే చెప్పేస్తాను: యూజర్ టైమ్‌ని ఏ రూపంలో ఇచ్చినా సరే, ప్రోగ్రామ్ మొదలవ్వగానే దాన్ని ఒక కచ్చితమైన క్షణంగా మార్చేయండి, ఆ తర్వాత ఒక్కో ఫైలు దగ్గర పూర్ణాంకాల పోలిక తప్ప ఇంకేమీ జరగకూడదు. ఫైలు వయసెంత, ఎన్ని రోజులైంది, ఇలాంటి లెక్కలు లోపలి లూప్‌లోకి వచ్చాయంటే బగ్‌లు కూడా వెంటే వస్తాయి.

కోడ్‌ని ఏ ఒక్క భాషకీ కట్టేయకుండా తెలుగు మాటల్లోనే రాస్తున్నాను, ఆప్షన్ పేర్లు కూడా తెలుగు లిపిలోనే పెడుతున్నాను. సీ, పైథాన్, గో, రస్ట్, దేనిలోకైనా తేలిగ్గా మార్చుకోవచ్చు.

మొదటి అడుగు: ఏ టైమ్ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోండి

యూనిక్స్ తరహా సిస్టమ్‌లో ఒక్కో ఫైలుకి కనీసం మూడు టైమ్‌లు ఉంటాయి. ఎంటైమ్ అంటే లోపలి డేటా చివరగా మారిన టైమ్. ఏటైమ్ అంటే చివరగా చదివిన టైమ్. సీటైమ్ అంటే ఐనోడ్ (ఫైలు గురించిన వివరాలు ఉండే రికార్డు) మారిన టైమ్, అంటే పర్మిషన్లు మార్చినా, ఓనర్‌ని మార్చినా, హార్డ్‌లింక్ కలిపినా, డేటా రాసినా మారుతుంది. ఇందులో సీ అనే అక్షరాన్ని చూసి ఫైలు పుట్టిన టైమ్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, మీ హెల్ప్ టెక్స్ట్‌లో అది కాదని స్పష్టంగా రాయండి. దీనికి తోడు పైథాన్‌లో ఇదే సీటైమ్ ఫీల్డ్ విండోస్ మీద మాత్రం ఫైలు పుట్టిన టైమ్‌ని ఇస్తూ వచ్చింది, 3.12 వెర్షన్‌లో ఆ వాడకాన్ని వద్దని ప్రకటించి పుట్టిన టైమ్‌కి వేరే ఫీల్డ్ పెట్టారు. కాబట్టి రెండు సిస్టమ్‌ల మీదా నడిచే టూల్ రాసేవాళ్లు ఆ ఫీల్డ్‌ని కళ్లు మూసుకుని వాడకూడదు.

నాలుగోది పుట్టిన టైమ్. లినక్స్‌లో దీన్ని అడగడానికి స్టాట్ఎక్స్ అనే సిస్టమ్ కాల్ 4.11 కెర్నల్‌తో 2017లో వచ్చింది. అయినా అన్ని ఫైల్‌సిస్టమ్‌లూ ఈ సమాచారం ఇవ్వవు. ఇవ్వని చోట ఏం చేయాలన్నది మీరే నిర్ణయించాలి, నా మాటగా చెప్పాలంటే మౌనంగా సీటైమ్‌తో సర్దేయొద్దు. "ఈ ఫైల్‌సిస్టమ్‌లో పుట్టిన టైమ్ దొరకదు" అని స్టాండర్డ్ ఎర్రర్‌లో ఒక్కసారి చెప్పి ఆ ఫైళ్లని ఫలితాల్లో చూపించకండి. యూజర్ అడిగింది ఒకటి, మనం చూపించేది ఇంకొకటి అయినప్పుడు అతనికి తెలిసే దారే లేదు.

ఏటైమ్ సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఫైలు చదివిన ప్రతిసారీ డిస్క్ మీద రాయడం ఖర్చు కాబట్టి, 2009లో వచ్చిన లినక్స్ 2.6.30 నుంచి రెల్‌ఏటైమ్ అనే పద్ధతి డిఫాల్ట్ అయింది. పాత ఏటైమ్ ఎంటైమ్ కన్నా, సీటైమ్ కన్నా వెనకబడి ఉంటేనో, 24 గంటలకి మించి పాతదైతేనో తప్ప దాన్ని అప్‌డేట్ చేయరు. నోఏటైమ్‌తో మౌంట్ చేస్తే అసలు మారదు. అంటే "గత గంటలో చదివిన ఫైళ్లు" అన్న ప్రశ్నకి చాలా మెషీన్లలో నమ్మదగిన జవాబు లేదు. ఆప్షన్ ఇవ్వండి, కానీ ఈ పరిమితిని డాక్యుమెంటేషన్‌లో రాయండి.

డిఫాల్ట్‌గా ఎంటైమ్ పెట్టండి. వాడేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది అదే. మిగతావాటికి --టైమ్ అనే ఒక ఆప్షన్ చాలు, దానికి విలువగా ఎంటైమ్, ఏటైమ్, సీటైమ్, బర్త్ ఇవ్వొచ్చు. ఒక్కోదానికి విడివిడిగా ఆప్షన్లు పెట్టుకుంటూ పోతే మూడు రకాల హద్దులు, నాలుగు రకాల టైమ్‌లు కలిసి పన్నెండు ఆప్షన్లవుతాయి, ఎవరికీ గుర్తుండవు.

రెండో అడుగు: ఫైండ్ నుంచి ఏం తీసుకోవాలి, ఏం వదిలేయాలి

యూనిక్స్‌లో ఫైళ్లు వెతికే పాత ఫైండ్ కమాండ్‌ని గౌరవించాల్సిందే, కానీ దాని -ఎంటైమ్ వాడకాన్ని మాత్రం కాపీ కొట్టకండి. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉమ్మడి ప్రమాణం) ప్రకారం అది ఫైలు వయసుని సెకండ్లలో తీసుకుని 86400తో భాగించి శేషాన్ని వదిలేస్తుంది, ఆ వచ్చిన అంకెని మీరిచ్చిన అంకెతో పోలుస్తుంది. ఫలితంగా +1 అని ఇస్తే "ఒక రోజుకన్నా పాతవి" రావు, కనీసం రెండు రోజులు నిండినవే వస్తాయి. 47 గంటల కిందటి ఫైలు వయసు ఒకటి కిందే లెక్క, ఒకటి కన్నా ఒకటి పెద్దది కాదు కాబట్టి అది రాదు. బీఎస్‌డీ, మాక్‌ఓఎస్‌ల ఫైండ్ అయితే శేషాన్ని వదిలేయకుండా పైరోజుకి రౌండ్ చేస్తుందని వాటి మాన్యువల్ పేజీలే చెబుతాయి. ఇలాంటి ఆప్షన్ పక్కన డిలీట్ కమాండ్ పెట్టి క్రాన్‌లో (నిర్ణీత టైమ్‌కి కమాండ్లని తనంతట తానే నడిపే ప్రోగ్రామ్) వేసే జనం ఉన్నారు, ఒక రోజు అటూ ఇటూ అయితే పోయేది నిజమైన ఫైళ్లు.

ఇంకో ఇబ్బంది, ప్లస్ మైనస్ గుర్తులు. చాలా ఆర్గ్యుమెంట్ పార్సర్లు (యూజర్ రాసినదాన్ని విడదీసి అర్థం చేసుకునే కోడ్) హైఫన్‌తో మొదలయ్యే విలువని ఇంకో ఆప్షన్ అనుకుంటాయి. పైగా మైనస్ అంటే "లోపు" అనీ ప్లస్ అంటే "దాటి" అనీ ప్రతిసారీ తలలో తిప్పుకోవాలి.

ఫైండ్‌లో నిజంగా బాగున్నది -న్యూయర్. ఇంకో ఫైలుని చూపించి దానికన్నా కొత్తవి ఇవ్వమనడం. గ్నూ ఫైండ్‌లో దీన్నే పెంచి తేదీని నేరుగా ఇచ్చే -న్యూయర్ఎంటీ కూడా పెట్టారు. రస్ట్‌లో రాసిన ఎఫ్‌డి అనే టూల్ ఇంకో మంచి దారి పట్టింది, చేంజ్‌డ్-వితిన్, చేంజ్‌డ్-బిఫోర్ అని చదివితేనే అర్థమయ్యే పేర్లు పెట్టి, ఒకే ఆప్షన్‌కి వ్యవధినీ తేదీనీ రెండింటినీ ఒప్పుకుంది. మనమూ దాదాపు అదే చేద్దాం:

--న్యూయర్ విలువ: ఈ క్షణం నుంచి ఇటువైపు మారినవి
--ఓల్డర్ విలువ: ఈ క్షణానికి ముందు మారినవి
--న్యూయర్-దాన్ ఫైలు: ఈ ఫైలు కన్నా కొత్తవి
--టైమ్ రకం: ఏ టైమ్‌స్టాంప్ చూడాలో

మూడోదాన్ని విడిగా పెట్టడానికి కారణముంది. --న్యూయర్‌కే ఫైలు పేరు కూడా ఇవ్వొచ్చంటే, అదే ఫోల్డర్లో 2డి అనే పేరుతో ఒక ఫైలు ఉన్న రోజున అది రెండు రోజులా, ఫైలా అన్నది టూల్ ఊహించాల్సి వస్తుంది.

మూడో అడుగు: "ఇప్పుడు"ని ఒక్కసారే చదవండి

ప్రోగ్రామ్ మొదలవ్వగానే గడియారాన్ని ఒక్కసారి చదివి ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి, చివరిదాకా అదే వాడండి. పెద్ద డిస్క్ మీద వెతుకులాట నిమిషాలు పట్టొచ్చు. ప్రతి ఫైలు దగ్గరా గడియారం చదివితే మొదట చూసిన ఫైలుకి ఒక హద్దు, చివర చూసినదానికి ఇంకో హద్దు, ఒకే వెతుకులాటలో రెండు న్యాయాలు. అనేక త్రెడ్లతో నడిచే టూల్ అయితే ఫలితం త్రెడ్ల వరసని బట్టి కూడా మారుతుంది. ఈ గడియారం చదివే పనిని ఒక ఫంక్షన్‌గా బయటినుంచి ఇచ్చేలా పెట్టుకోండి, టెస్టులు రాసేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

నాలుగో అడుగు: వ్యవధుల పార్సర్

అంకె, దాని వెనకే యూనిట్. 30ఎస్ అంటే సెకండ్లు, 15ఎంఐఎన్ అంటే నిమిషాలు, 2హెచ్ గంటలు, 3డి రోజులు, 1డబ్ల్యూ వారాలు. 1డి12హెచ్ లాగా కలిపి రాసినా ఒప్పుకోండి.

ఎం అనే ఒంటి అక్షరంతో జాగ్రత్త. నిమిషమా, నెలా? ఎఫ్‌డి మొదట్లో వాడిన హ్యూమన్‌టైమ్ లైబ్రరీలో చిన్న ఎం నిమిషం, పెద్ద ఎం నెల, ఆ నెల విలువ 30.44 రోజులు. ఒక్క షిఫ్ట్ కీ తేడాతో ఐదు నిమిషాలు ఐదు నెలలవడం నాకు నచ్చదు, అందుకే నిమిషాలకి ఎంఐఎన్ అని పూర్తిగా రాయమనడం మేలు. ఒంటి ఎం వస్తే ఎర్రర్ ఇచ్చి, ఎంఐఎన్ రాయమని అందులోనే చెప్పండి.

నెలలూ సంవత్సరాలూ మొదటి వెర్షన్‌లో అసలు పెట్టొద్దనే నేను చెబుతాను. మార్చి 31 నుంచి ఒక నెల వెనక్కి వెళ్తే ఏ తేదీ? ఫిబ్రవరి 31 లేదు. గ్నూ డేట్ కమాండ్‌ని 2024 మార్చి 31 నుంచి ఒక నెల తీసేయమంటే మార్చి 2 ఇస్తుంది. కొన్ని లైబ్రరీలు ఫిబ్రవరి చివరి రోజు ఇస్తాయి. రెండిట్లో ఏది ఎంచుకున్నా యూజర్లలో సగంమంది ఇంకోటి అనుకుంటారు. 180డి అని రాయొచ్చు, లేదంటే నేరుగా తేదీ ఇవ్వొచ్చు, రెండూ సందేహం లేనివి.

ఒక డి అంటే కచ్చితంగా 86400 సెకండ్లు. నిన్న ఇదే టైమ్ అని కాదు, నిన్నటి తేదీ అని అసలే కాదు. తేదీల అర్థం కావాల్సినవాళ్లకి తర్వాతి అడుగు ఉంది, రెండింటినీ కలపకండి.

యూనిట్ లేని ఒట్టి అంకెని ఒప్పుకోకండి. --న్యూయర్ 20240310 అని రాస్తే అది తేదీ అని మనిషికి తెలుస్తుంది, ఎపాక్ సెకండ్లని (1970 జనవరి 1 నుంచి గడిచిన సెకండ్లు) పార్సర్ అనుకోవచ్చు, అలా అనుకుంటే 1970 ఆగస్టులో ఎక్కడో పడుతుంది, అంటే దాదాపు డిస్క్‌లో ఉన్నవన్నీ ఫలితాల్లోకి వచ్చేస్తాయి. ఎపాక్ సెకండ్లు ఇవ్వాలనుకునేవాళ్లు ముందు @ పెట్టాలి, గ్నూ డేట్‌లోనూ అదే అలవాటు.

గుణించేటప్పుడు ఓవర్‌ఫ్లో చూసుకోండి. ఎవరో స్క్రిప్ట్‌లో పొరపాటున పెద్ద అంకె పంపితే విలువ చుట్టు తిరిగి భవిష్యత్తులోకి పోకూడదు, ఎర్రర్ రావాలి.

ఐదో అడుగు: తేదీలు, టైమ్‌జోన్లు

ఇక్కడ నిదానంగా వెళ్దాం, తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

రూపాల విషయంలో కఠినంగా ఉండండి. 2024-03-10, 2024-03-10 14:30, 2024-03-10 14:30:05, మధ్యలో ఖాళీ బదులు టీ పెట్టిన ఐఎస్ఓ 8601 రూపం, చివర జెడ్ లేదా +05:30 లాంటి ఆఫ్‌సెట్ ఉన్న ఆర్ఎఫ్‌సీ 3339 రూపం. ఇవి చాలు. 03/10/2024 లాంటివి వస్తే తిప్పి పంపేయండి, అది మార్చి పదో తేదీయా అక్టోబర్ మూడో తేదీయా అన్నది రాసినవాళ్ల అలవాటుని బట్టి ఉంటుంది, లొకేల్ చూసి ఊహించే కోడ్ ఒక మెషీన్‌లో ఒకలా ఇంకో మెషీన్‌లో ఇంకోలా పనిచేస్తుంది.

ఆఫ్‌సెట్ లేకపోతే లోకల్ టైమ్ అనుకోండి, టెర్మినల్ ముందున్న మనిషి చూసే గడియారం అదే కాబట్టి. టీజెడ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుంటే దాన్ని గౌరవించండి. సర్వర్లు ఎక్కువగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైమ్) ఉంటాయి, రాసేవాళ్ల ల్యాప్‌టాప్ ఉండదు, ఒకే కమాండ్ రెండు చోట్లా వేరే ఫలితాలు ఇవ్వడానికి పెద్ద కారణం ఇదే. అలాంటి చోట ఆఫ్‌సెట్‌తో రాయమని హెల్ప్‌లో ఒక ఉదాహరణ పెట్టండి.

తేదీ ఒక్కటే ఇస్తే అది ఆ రోజు మొదలయ్యే క్షణం. --న్యూయర్ 2024-03-10 అంటే పదో తేదీ ఫైళ్లు కూడా వస్తాయి, --ఓల్డర్ 2024-03-10 అంటే తొమ్మిదో తేదీ రాత్రి దాకా ఉన్నవే వస్తాయి. ఒకే తేదీ రెండు ఆప్షన్లకీ ఇస్తే ప్రతి ఫైలూ ఏదో ఒక్కదాంట్లోనే పడాలి, రెండిట్లోనూ పడకూడదు, దేంట్లోనూ పడకుండా పోకూడదు. ఈ లక్షణాన్ని పట్టుకుని ఉంటే హద్దుల దగ్గర గొడవలన్నీ తగ్గిపోతాయి.

టుడే, యెస్టర్‌డే అనే మాటలు కూడా ఇవ్వొచ్చు. యెస్టర్‌డేని లెక్కేసేటప్పుడు ఇప్పటినుంచి 86400 సెకండ్లు తీసేయకండి. ఈ రోజు తేదీని లోకల్ క్యాలెండర్‌లో తీసుకుని, తేదీలో ఒకటి తగ్గించి, ఆ తేదీ మొదలయ్యే క్షణాన్ని టైమ్‌జోన్ లైబ్రరీని అడగండి. డేలైట్ సేవింగ్ పాటించే చోట్ల, అంటే వేసవిలో గడియారాన్ని ముందుకి జరిపి తర్వాత వెనక్కి తెచ్చే చోట్ల, రోజు 23 గంటలు ఉండొచ్చు, 25 కూడా ఉండొచ్చు. న్యూయార్క్‌లో 2024 మార్చి 10న తెల్లవారుజామున 2:30 అనే టైమే లేదు, గడియారం 2 నుంచి 3కి దూకింది. అదే ఏడాది నవంబర్ 3న 1:30 రెండుసార్లు వచ్చింది. కైరోలో అయితే గడియారం ముందుకి జరిపేది అర్ధరాత్రే, కాబట్టి ఆ రోజు 00:00 అనేదే ఉండదు, రోజు 1:00తో మొదలవుతుంది. సమోవాలో 2011 డిసెంబర్ 30 అనే రోజు మొత్తం లేదు, తేదీ రేఖకి అవతలి వైపుకి మారడం కోసం దాన్ని వదిలేశారు.

మరి లేని టైమ్ ఇస్తే ఏం చేయాలి? గ్యాప్ తర్వాత మొదటి నిజమైన క్షణాన్ని తీసుకోండి. రెండుసార్లు వచ్చే టైమ్ అయితే --న్యూయర్‌కి మొదటిది, --ఓల్డర్‌కి రెండోది తీసుకుంటే యూజర్‌కి కావాల్సిన ఫైలు తప్పిపోదు అనిపిస్తుంది. కానీ అలా చేస్తే పైన చెప్పిన "ఒక్కదాంట్లోనే పడాలి" అన్న లక్షణం దెబ్బతింటుంది, కాబట్టి రెండు ఆప్షన్లకీ మొదటిదే తీసుకోవడం సరైనది. సీలో తేదీని క్షణంగా మార్చే ఎంకేటైమ్ వాడేవాళ్లు డీఎస్‌టీ (డేలైట్ సేవింగ్) ఫీల్డ్‌ని -1గా పెట్టడం మర్చిపోవద్దు. సున్నాగా వదిలేస్తే వేసవి తేదీలన్నీ గంట పక్కకి పోతాయి. పైగా -1 పెట్టినా రెండుసార్లు వచ్చే గంటలో ఏది ఇవ్వాలన్నది పోసిక్స్ కచ్చితంగా చెప్పలేదు, కాబట్టి దాన్ని టెస్టు చేసుకోవాలి, లేదా రెండు జవాబులూ విడిగా ఇచ్చే టైమ్‌జోన్ లైబ్రరీని వాడాలి.

ఆరో అడుగు: హద్దులు, పోలిక

ఇప్పటికి అన్ని రూపాలూ క్షణాలైపోయాయి. వాటిని 1970 జనవరి 1 నుంచి గడిచిన నానోసెకండ్లుగా, 64 బిట్ల సైన్డ్ పూర్ణాంకంలో పెట్టుకోండి, 2262 దాకా సరిపోతుంది. ఫ్లోట్లు వద్దు. ఇప్పటి ఎపాక్ సెకండ్లని 64 బిట్ల ఫ్లోట్‌లో పెడితే దాని సూక్ష్మత 240 నానోసెకండ్ల దగ్గర ఆగిపోతుంది, ఒకదాని వెనక ఒకటి వెంటవెంటనే రాసిన రెండు ఫైళ్లు సమానంగా కనిపించొచ్చు. పైథాన్‌లో అయితే ఎస్‌టీ ఎంటైమ్ ఎన్ఎస్ అనే పూర్ణాంక ఫీల్డ్ ఉంది, అది వాడండి. విండోస్ టైమ్‌స్టాంప్‌లు 1601 జనవరి 1 నుంచి 100 నానోసెకండ్ల లెక్కలో ఉంటాయి, రెండు మొదళ్ల మధ్య తేడా 11644473600 సెకండ్లు.

```
ఇప్పుడు = గడియారం_చదువు()

ప్రతి న్యూయర్ విలువకి:
    క్షణం = క్షణంగా_మార్చు(విలువ, ఇప్పుడు, టైమ్‌జోన్)
    కింది_హద్దు = పెద్దది(కింది_హద్దు, క్షణం)

ప్రతి ఓల్డర్ విలువకి:
    క్షణం = క్షణంగా_మార్చు(విలువ, ఇప్పుడు, టైమ్‌జోన్)
    పై_హద్దు = చిన్నది(పై_హద్దు, క్షణం)

సరిపోయిందా(టైమ్):
    కింది_హద్దు ఉండి, టైమ్ < కింది_హద్దు అయితే: కాదు
    పై_హద్దు ఉండి, టైమ్ >= పై_హద్దు అయితే: కాదు
    లేకపోతే: అవును
```

కింది హద్దు కలుపుకుని, పై హద్దు కలుపుకోకుండా. --న్యూయర్ 2024-03-10 --ఓల్డర్ 2024-03-11 అంటే కచ్చితంగా ఒక రోజు. 23:59:59 లాంటి అడ్డదారులు అక్కర్లేదు, ఆ చివరి సెకండ్‌లో రాసిన ఫైళ్లు జారిపోవు.

--న్యూయర్-దాన్‌కి మాత్రం ఆ ఫైలు తనే ఫలితాల్లో రాకూడదు. పూర్ణాంకాలు వాడాం కాబట్టి ఇది సులువు, దాని టైమ్‌కి ఒక నానోసెకండ్ కలిపి కింది హద్దుగా పెట్టేయండి. ఇంకో షరతు రాయక్కర్లేదు.

కింది హద్దు పై హద్దుకన్నా పెద్దదో సమానమో అయితే ఏ ఫైలూ రాదు. అలాంటప్పుడు డిస్క్ అంతా తిరిగి ఖాళీగా రాకుండా, మొదట్లోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోండి. చాలాసార్లు న్యూయర్, ఓల్డర్ తారుమారు చేసి రాస్తారు, ఆ సంగతి మెసేజ్‌లోనే అడగండి.

ఏడో అడుగు: వెతికే లూప్‌లో ఎక్కడ పెట్టాలి

లినక్స్‌లో డైరెక్టరీ చదివేటప్పుడు పేరుతోపాటు అది ఫైలా ఫోల్డరా అన్నది కూడా చాలా ఫైల్‌సిస్టమ్‌లు ఊరికే ఇచ్చేస్తాయి, టైమ్ మాత్రం ఇవ్వవు. దానికి ఒక్కో ఫైలుకీ ఒక స్టాట్ కాల్ (ఫైలు వివరాలు అడిగే సిస్టమ్ కాల్) కావాలి. లోకల్ డిస్క్‌లో అంతగా తెలియదు కానీ నెట్‌వర్క్ మౌంట్ మీద ఒక్కో కాల్‌కీ సర్వర్ దాకా వెళ్లి రావాల్సి రావొచ్చు. కాబట్టి వరస ముఖ్యం: ముందు పేరు ఫిల్టర్, తర్వాత టైపు, అన్నీ దాటినవాటికే స్టాట్. సైజు ఫిల్టర్ కూడా ఉంటే ఒకే స్టాట్ ఫలితాన్ని ఇద్దరూ పంచుకోవాలి. విండోస్‌లో అయితే డైరెక్టరీ జాబితాలోనే టైమ్‌లు వచ్చేస్తాయి, మళ్లీ అడగొద్దు.

వేగం కోసం ఒక ఆలోచన చాలామందికి వస్తుంది: ఫోల్డర్ ఎంటైమ్ పాతదైతే లోపలికి వెళ్లకుండా వదిలేద్దామని. దయచేసి ఇది చేయకండి. ఫోల్డర్ ఎంటైమ్ మారేది దాంట్లో నేరుగా ఉన్న పేర్లు చేరినప్పుడు, పోయినప్పుడు, మారినప్పుడు మాత్రమే. లోపలున్న ఫైల్లో కొత్త డేటా రాస్తే ఫోల్డర్‌కి తెలియదు, రెండు మెట్ల లోతులో కొత్త ఫైలు పుట్టినా పైఫోల్డర్‌కి తెలియదు. ఏళ్లుగా కదలని ఫోల్డర్లో ఇప్పుడే రాసిన లాగ్ ఉండొచ్చు. ఫోల్డర్ తను ఫలితాల్లో రావాలా వద్దా అన్నదానికి టైమ్ ఫిల్టర్ వాడండి, లోపలికి దిగాలా వద్దా అన్నదానికి ఎప్పుడూ వాడకండి.

సింలింక్‌ల (ఇంకో ఫైలుని చూపించే లింకులు) దగ్గర మీ టూల్ ఇప్పటికే ఏ పద్ధతిలో ఉందో అదే కొనసాగించండి. లింకుల్ని అనుసరించకపోతే ఎల్‌స్టాట్, అంటే లింక్ సొంత టైమ్. అనుసరిస్తే స్టాట్, అంటే అవతలి ఫైలు టైమ్. అనుసరించే మోడ్‌లో లింక్ తెగిపోయి ఉంటే స్టాట్ విఫలమవుతుంది, అప్పుడు ఎల్‌స్టాట్ వాడండి, ఫైండ్ కూడా అదే చేస్తుంది.

డైరెక్టరీ చదివిన తర్వాత స్టాట్ చేసేలోపు ఫైలు మాయమవ్వచ్చు. తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్లలో ఇది రోజూ జరిగేదే. ఫైలు లేదన్న ఎర్రర్ వస్తే నిశ్శబ్దంగా ముందుకి వెళ్లండి. పర్మిషన్ లేదన్న ఎర్రర్ అయితే స్టాండర్డ్ ఎర్రర్‌లో చెప్పి, చివర్లో ఎగ్జిట్ కోడ్‌ని సున్నా కాకుండా ఇవ్వండి. దేనికీ ప్రోగ్రామ్ ఆగిపోకూడదు.

ఎనిమిదో అడుగు: వింత టైమ్‌స్టాంప్‌లు

భవిష్యత్తు తేదీ ఉన్న ఫైళ్లు నిజంగానే ఉంటాయి. నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్‌లో సర్వర్ గడియారం రెండు సెకండ్లు ముందుంటే చాలు. వయసు లెక్కేసే కోడ్ ఇక్కడే పడిపోతుంది: రస్ట్‌లో ఇప్పటినుంచి ఆ టైమ్‌ని తీసేయమంటే ఎర్రర్ వస్తుంది, దాన్ని అన్‌రాప్ చేసి ఉంటే (ఎర్రర్ రాదనుకుని నేరుగా విలువ తీసుకుంటే) ప్రోగ్రామ్ కూలిపోతుంది. సీలో -1 సెకండ్‌ని 86400తో భాగిస్తే 0 వస్తుంది, పైథాన్‌లో -1 వస్తుంది. మనం వయసు లెక్కేయట్లేదు కాబట్టి ఈ బాధ లేదు, భవిష్యత్తు ఫైలు కింది హద్దుకన్నా పెద్దది, --న్యూయర్ 1హెచ్‌లో మామూలుగా వచ్చేస్తుంది. అది వద్దనుకునేవాళ్లు --ఓల్డర్ 0ఎస్ కలుపుకోవచ్చు, ఈ కారణానికే సున్నా వ్యవధిని ఒప్పుకోండి.

ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఎంటైమ్ రెండు సెకండ్ల మెట్లలోనే నిలుస్తుంది, చివరగా చదివినదానికి తేదీ మాత్రమే ఉంటుంది. పైగా అందులో లోకల్ టైమ్ రాస్తారు. ఇంకా ఒక సంగతి యూజర్లకి చెప్పాలి: గిట్ ఎంటైమ్‌ని భద్రపరచదు, చెకౌట్ చేసినప్పుడు రాసిన ఫైళ్లకి ఆ క్షణమే పడుతుంది. టార్ విప్పితే పాత టైమ్‌లు తిరిగి వస్తాయి. కాపీ చేస్తే, భద్రపరచమని అడగకపోతే, కొత్త టైమ్. కాబట్టి "నిన్న డౌన్‌లోడ్ చేసి విప్పిన ఫైళ్లు" కావాలంటే ఎంటైమ్ వల్ల కాదు, సీటైమ్ చూడాలి. ఈ ఒక్క ఉదాహరణ మీ మాన్యువల్‌లో పెడితే --టైమ్ ఆప్షన్ ఎందుకుందో చదివినవాళ్లకి అర్థమవుతుంది.

తొమ్మిదో అడుగు: టెస్టులు

స్లీప్ పెట్టి టెస్టులు రాయకండి. పార్సర్, హద్దుల పోలిక రెండూ ఫైల్‌సిస్టమ్‌తో సంబంధం లేని ఫంక్షన్లు, వాటికి "ఇప్పుడు" విలువని, టైమ్‌జోన్‌ని చేత్తో ఇచ్చి పరీక్షించండి. హద్దుకి ఒక నానోసెకండ్ ముందు, సరిగ్గా హద్దు మీద, ఒక నానోసెకండ్ తర్వాత, ఈ మూడూ ప్రతి ఆప్షన్‌కీ ఉండాలి. టైమ్‌జోన్ టెస్టులకి పైన చెప్పిన న్యూయార్క్, కైరో, సమోవా తేదీలు చాలు.

నిజమైన ఫైళ్లతో చేసే టెస్టులు కొన్నే ఉండాలి. టచ్ కమాండ్‌తో గానీ యుటైమెన్స్‌యాట్ కాల్‌తో గానీ ఎంటైమ్, ఏటైమ్‌లని కావాల్సిన విలువకి పెట్టొచ్చు, పైథాన్‌లో ఓఎస్ యుటైమ్ ఉంది. హద్దుకి పూర్తి పది సెకండ్లు దూరంగా పెట్టండి, ఎంటైమ్ విషయంలో ఏ ఫైల్‌సిస్టమ్ మీద నడిచినా తేడా రాదు. సీటైమ్‌ని మాత్రం ఇలా పెట్టే వీలు లేదు, కెర్నలే రాస్తుంది, కాబట్టి దాన్ని ఫంక్షన్ స్థాయిలోనే పరీక్షించాలి. పాత ఫోల్డర్లో కొత్త ఫైలు ఉన్న టెస్టు ఒకటి తప్పకుండా పెట్టండి, రేపెవరైనా వేగం పెంచుదామని ఫోల్డర్లని వదిలేసే కోడ్ తెస్తే అది పట్టేస్తుంది.

పదో అడుగు: యూజర్‌కి కనిపించే మాటలు

ఎర్రర్ మెసేజ్‌లో మూడు ఉండాలి: యూజర్ ఏం రాశాడు, ఎందుకు అర్థం కాలేదు, సరైనది ఎలా ఉంటుంది. "తేదీ తప్పు" అని ఊరుకుంటే అతను మళ్లీ ఊహించుకుంటూ కూర్చోవాలి. హెల్ప్‌లో ఉదాహరణలు నాలుగైదు చాలు, అందులో ఒకటి ఖాళీ ఉన్న తేదీని కోట్స్‌లో పెట్టి చూపించేది కావాలి, లేకపోతే షెల్ దాన్ని రెండు ఆర్గ్యుమెంట్లుగా విడగొడుతుంది.

వెర్బోస్ మోడ్ ఉంటే వెతకడం మొదలుపెట్టే ముందు స్టాండర్డ్ ఎర్రర్‌లో ఒక లైన్ రాయండి, మీ టూల్ ఆ మాటని ఎలా అర్థం చేసుకుందో చూపించేలా. ఉదాహరణకి --న్యూయర్ యెస్టర్‌డే --ఓల్డర్ టుడే అని ఇస్తే:

```
ఎంటైమ్: 2024-03-09 00:00:00 -05:00 నుంచి, 2024-03-10 00:00:00 -05:00 ముందు వరకు
```

ఆఫ్‌సెట్‌తో సహా పూర్తిగా రాయాలి. సర్వర్ టైమ్‌జోన్ వేరే ఉందన్న విషయం ఈ లైన్ చూడగానే తెలుస్తుంది, ఫలితాలని పైపుతో డిలీట్ కమాండ్‌కి పంపే ముందు ఒకసారి ఈ మోడ్‌లో నడిపి చూసుకోమని మాన్యువల్‌లో ఆ ఉదాహరణ పక్కనే రాయండి.